మజ్లిస్ గుమ్మానికి ర్యాంపు

వేణుగోపాలరావు గారు దోహాలో పదకొండేళ్ళు ఉద్యోగం చేశారు. ఆ పదకొండేళ్ళలోనూ ఆయన వల్ల ఒక్క పొరపాటు జరగలేదు. ఈ మాట చెప్పింది ఆయనే కాబట్టి సందేహానికి తావు లేదు.

ఆయన వృత్తి ఆక్యుపేషనల్ థెరపిస్టు. అంటే ఏమిటని అల్ మన్సూరాలో ఆయన కాపురమున్న భవనంలో ఎవరూ అడగలేదు. ఆసుపత్రి మనిషి గనక అందరూ డాక్టరు గారూ అనేవారు. ఆయన కాదనలేదు. ఔననీ అనలేదు. పలికేవారు, అంతే.

నిజానికి అది చక్కటి వృత్తి. కాలో చెయ్యో పడిపోయిన మనిషి తన పనులు తాను చేసుకునే మార్గం చూడడం. మనిషిని మార్చడానికి వీల్లేకపోతే ఇంటిని మార్చడం: గడప తీసేయడం, స్నానాలగదిలో ఊతానికి కడ్డీ వేయించడం, మెట్లున్న చోట ర్యాంపు కట్టించడం. ఆ దేశపు పౌరులైన వృద్ధులకు ఈ మార్పులన్నీ ప్రభుత్వమే చేయించేది. ముందుగా థెరపిస్టు ఆ ఇంటికి వెళ్ళి, చూసి, ఏం కావాలో రాసివ్వాలి. రాసిందే కాంట్రాక్టరు కడతాడు. ఇంటికి ఒక్కసారే మంజూరు; మళ్ళీ అయిదేళ్ళ దాకా అడగడానికి లేదు.

రాయడానికి ఇంగ్లండు నుంచి దిగుమతైన పన్నెండు పేజీల ఫారం ఒకటుండేది. మొదటి పేజీలో మొదటి ప్రశ్న: మీరు సొంతంగా ఏ పని చేసుకోవాలనుకుంటున్నారు? ఆ శాస్త్రం పుట్టిందే ఈ ప్రశ్న అడగడానికి. మిగతా పదకొండు పేజీలూ ఆ జవాబును పట్టుకుని నింపాలి. వేణుగోపాలరావు గారు ముందు పదకొండు పేజీలూ నింపేసి, తీరికుంటే మొదటి పేజీకి వచ్చేవారు. తీరిక ఎన్నడూ ఉండేది కాదు. అక్కడ ‘వర్తించదు’ అని రాసేవారు. అక్షరాలు మాత్రం ముత్యాలు.

ఆయన దగ్గర అయిదు మీటర్ల స్టీలు టేపు ఉండేది. లోకంలో ఆయన నమ్మిన ప్రాణి అదొక్కటే. మనుషులు నొప్పి లేని చోట ఉందంటారు, ఉన్న చోట లేదంటారు. తలుపు వెడల్పు అలా కాదు కదా.

తొంభై ఆరులో దోహా పక్క ఊరు అల్ వక్రా నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. పెట్టినాయన జాసిమ్, మంత్రిత్వ శాఖలో ఓ మోస్తరు అధికారి. పేషెంటు ఆయన తల్లి. జాసిమ్ తల్లి గనక ఊరందరికీ ఉమ్ జాసిమ్. డెబ్భై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగి, అతుక్కుని, నడక మాత్రం తిరిగి రాక చక్రాల కుర్చీలో కూర్చుంది.

ఆ ఇంటికి అక్కడి ఇళ్ళన్నిటికీ ఉన్నట్టే రెండు వాకిళ్ళు. వీధి వైపు రెండు పొట్టి మెట్ల మీద ఇత్తడి గుబ్బల పెద్ద తలుపు మజ్లిస్‌ది, అంటే మగ అతిథులు చేరి కాఫీ తాగే గదిది. ఆడవాళ్ళు రాకపోకలు సాగించే వాకిలి పక్క గల్లీలో, ఎత్తయిన మూడు మెట్ల మీద. ఉమ్ జాసిమ్ పెళ్ళై ఆ ఇంటికొచ్చింది మొదలు సాయంత్రం నమాజు కాగానే ఆ మూడు మెట్లు దిగి, గల్లీ దాటి, ఎదురింట్లో ఉన్న అక్క దగ్గరకు వెళ్ళి కూర్చునేది. కుర్చీలో పడ్డాక కూడా మానలేదు. దింపింది మాబున్నీసా.

మాబున్నీసాది రాయచోటి. ఆ ఇంట్లో పనికి చేరి పది నెలలైంది. కాంట్రాక్టులో ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. మనిషి చూడబోతే ఉమ్ జాసిమ్‌లో సగం. రోజూ ఆమెను భుజాన వేసుకుని మూడు మెట్లు దించేది, చీకటిపడే వేళకు మళ్ళీ ఎక్కించేది. ఒకరోజు రెండో మెట్టు మీద ఇద్దరూ కలిసి పడ్డారు. పెద్దామె మోచెయ్యి చీరుకుపోయింది. మాబున్నీసా నడుము పట్టేసింది.

జాసిమ్ కోప్పడలేదు. రేడియోలో బ్యాటరీ మార్చే సంగతి చెప్పినట్టు చెప్పాడు: “ప్రభుత్వం వాళ్ళు ర్యాంపు కడతారు. అప్పుడు కూడా అమ్మ బయటికి పోలేకపోతే చెప్పు. నీకు బొంబాయికి టికెట్టు తీస్తాను. బలమైన మనిషిని తెచ్చుకుంటాం.”

అందుచేత ఆ ఇంట్లో ర్యాంపు కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి మాబున్నీసా. ఆ ఎదురుచూపులకు ఫలంగా, టై కట్టుకుని, తోలు పెట్టె పట్టుకుని వేణుగోపాలరావు గారు ప్రత్యక్షమయ్యారు.

అసలు రావలసింది ఆయన కాదు. ఆడవాళ్ళ కేసులు చూడడానికి ఆ విభాగంలో ఒక మహిళా థెరపిస్టు ఉండేది. ప్రసూతి సెలవులో ఉంది. ఆరు వారాల్లో వస్తుంది. ఆరు వారాలు ఆగితే మూడునెలల నివేదికలో ఒక కేసు తగ్గుతుంది. అది వేణుగోపాలరావు గారి మనసుకు కష్టం.

మజ్లిస్‌లో ఆయన మూడు కప్పుల కాఫీ తాగారు. నాలుగు ఖర్జూరాలు తిన్నారు. తల్లి గురించి కొడుకును అడిగారు. కొడుకు తెలిసింది చెప్పాడు. అది అట్టే లేదు. ఆపైన పేషెంటును చూడడం, ఆమె వాకిలి చూడడం మిగిలాయి. ఒక్క మాట చెబితే ఆడవాళ్ళు అయిదు నిమిషాలు లోపలి గదిలోకి తప్పుకుంటారు, పేషెంటు ముసుగు సర్దుకుని కొడుకును పక్కన పెట్టుకుని మాట్లాడుతుంది. అక్కడ అదే పద్ధతి. ఏసీ మెకానిక్ అలాగే వెళ్ళాడు. ప్లంబరు వెళ్ళాడు. టీవీ బాగుచేసే మలబారీ రెండుసార్లు వెళ్ళాడు. వేణుగోపాలరావు గారు మాత్రం అడగలేదు. అరబ్బుల ఇళ్ళలో ఆడవాళ్ళ వైపు తల తిప్పితే ఉద్యోగం పోతుందని ఎప్పుడో మొదటి వారంలో ఎవరో చెప్పగా విన్నారు. తిప్పి చూసి తెలుసుకునే అవసరం ఆయనకు పడలేదు.

ఫారంలో అయిదో పేజీ ‘ప్రధాన ద్వారం’ అంటుంది. ఉన్న తలుపుల్లో ప్రధానమైనది ఏదని ఆయన చుట్టూ చూశారు. ఇత్తడి గుబ్బలు మెరుస్తున్నాయి.

మజ్లిస్ నుంచి లోపలికి పళ్ళేలు అందించే చిన్న తలుపు ఒకటుంది. ఇరుకు తలుపులన్నీ వెడల్పు చేయాలని ఫారం శాసనం గనక ఆయన దాన్నీ కొలవబోయారు. టేపు చప్పున వెనక్కి చుట్టుకుని బొటనవేలిని కరిచింది.

“ఓరి నాయనో!” అన్నారు వేణుగోపాలరావు గారు.

తలుపవతల పళ్ళెం పట్టుకుని ఉన్న మాబున్నీసా ముఖం వెలిగిపోయింది. “అయ్యో, మన తెలుగోళ్ళా సార్ మీరు! రక్తం గాని వచ్చిందా?”

“ఎస్?” అన్నారాయన.

“ఒగ మాట సార్. అవ్వ ఈ వాకిట్లో నుంచి పోదు. ఆడోళ్ళ వాకిలి ఆ పక్కన ఉండాది. మూడు మెట్లు సార్, ఇంతెత్తు. నేనే ఎత్తుకోని దింపుతాండా. పోయిన నెల ఇద్దరం పడితిమి. ఆ మెట్లకాడ కట్టిస్తే సాలు, ఇంగేం వద్దు.”

ఆయనకు కావలసిన సమాచారమంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. పన్నెండు పేజీలు ఆ నాలుగు ముక్కలు రాబట్టడానికే అచ్చేశారు. కానీ అది పనిమనిషి నోటి నుంచి, పైగా రాయచోటి యాసలో వచ్చింది. ఇంటి యజమాని వింటున్నాడు. గుంటూరు జిల్లాలో పుట్టి మద్రాసులో చదివిన నిపుణుడిదీ పనిమనిషిదీ ఒకే భాషని అతను అనుకుంటే ఎంత నామోషీ!

“జావో, అప్‌నా కామ్ కరో,” అన్నారాయన హిందీలో. వేలు చప్పరిస్తూ కొలత రాసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య శకుంతల కాఫీ ఇస్తూ అడిగింది: “వక్రాలో ఆ ముసలావిడకి ఎలా ఉందండీ?”

“ఎలా ఉందంటే?”

“చూసొచ్చారుగా.”

“చూడడమేమిటి! ఆడవాళ్ళుండే భాగం. మర్యాద అనేది ఒకటుంటుంది.”

“మరి ఎవర్ని చూశారు?”

“ఇంటిని చూశాను.”

“ఇల్లు ఎలా ఉంది?”

“బాగుంది,” అన్నారాయన. ఆవిడ ఇంకేమీ అడగలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఏ ప్రశ్న దగ్గర ఆగాలో ఆవిడకు తెలుసు.

రెండు నెలలకు కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. మేస్త్రీ లస్మయ్యది జగిత్యాల వైపు. ఖతర్ వచ్చి తొమ్మిదేళ్ళైనా ఊళ్ళో వాళ్ళు ఆయన దుబాయ్‌లో ఉన్నాడనే చెప్పుకుంటారు; ఆయన దిద్దడం మానేశాడు. తాపీ పట్టేముందు కట్టేది ఎవరికో కనుక్కునే పాడలవాటు ఒకటి ఆయనకుంది. కనుక్కున్నాడు. వాలు సరిగ్గా వస్తోందో లేదో చూడడానికి వచ్చిన వేణుగోపాలరావు గారి దగ్గరకు వెళ్ళాడు.

“సారూ, గీ దర్వాజకెల్లి మగోళ్ళే వస్తరట గద. మనం కట్టేది ముసలవ్వకు గాదా? ఆమెదేమో ఆ గల్లీల ఉన్నది. ఇంకా సిమిటి పొయ్యలే. ఇప్పుడన్న జెప్తే ఆడ కడ్తం.”

“డ్రాయింగ్ దేఖో,” అన్నారాయన. “డ్రాయింగ్ మే జో హై, వహీ.”

లస్మయ్య డ్రాయింగ్ చూశాడు. ఆయన్ని చూశాడు. తాపీ అందుకున్నాడు. మధ్యాహ్నం మంచినీళ్ళ సీసాలు తెచ్చిన మాబున్నీసాను మాత్రం అడిగాడు: “సారుది ఏ దేశమక్కా?”

“మన దేశమే.”

“తెలుగు రానట్టున్నది పాపం.”

“వేలు నలిగితే వస్తాది అన్నా.”

లస్మయ్య నవ్వు ఆపుకోలేక నీళ్ళు గుడ్డల మీద పోసుకున్నాడు.

ర్యాంపు తయారైంది. దానిలో లోపం వెతకడం దుర్మార్గం. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున, శాస్త్రం చెప్పినట్టే వాలింది. రెండు పక్కలా స్టీలు కడ్డీలు. జారకుండా గీతలు. లోపలి చిన్న తలుపును కూడా గోడ కొట్టి వెడల్పు చేశారు. వేణుగోపాలరావు గారు నాలుగు కోణాల నుంచి ఫొటోలు తీయించి ఫైల్లో అంటించారు. వాటి కింద ‘పేషెంటు స్వతంత్రంగా బయటికి వెళ్ళగలుగుతున్నారు’ అని రాశారు. ఏ ఫొటోలోనూ పేషెంటు లేదు.

ఆ ర్యాంపు మీద గ్యాసు సిలిండర్లు ఎక్కాయి. పెప్సీ కేసులు దిగాయి. వీధిలో పిల్లలు సైకిళ్ళు దూకించారు. ఉమ్ జాసిమ్ మూడు మెట్ల వాకిలి లోపల కూర్చుని, ఎదురింటి గోడను చూస్తూ ఉండిపోయింది. అక్కకు మోకాళ్ళ నొప్పులు, ఆమె ఇటు రాలేదు. నలభై అడుగుల దూరంలో ఉన్న అక్కచెల్లెళ్ళు టెలిఫోనులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు జాసిమ్ కర్టెన్ పక్కన నిలబడి మాబున్నీసాను అడిగాడు: “అమ్మ బయటికి వెళ్ళడం లేదా?”

మాబున్నీసా మర్నాడు నమాజు కాగానే నడుముకు గుడ్డ బిగించి, పెద్దామెను ఎత్తబోయింది. మొదటి మెట్టు దాకా కూడా రాలేదు. నడుములో ఏదో కలుక్కుమంది. ఆమెను కుర్చీలో వదిలేసి, గడప మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. బొంబాయి విమానం, రాయచోటిలో సగం లేచిన గోడలు, పదో తరగతి చదివే కూతురు, అన్నీ ఒక్కసారే కనిపించాయి.

ఉమ్ జాసిమ్ అరబ్బీలో అడిగింది: “నా కొడుకు కట్టించిన ఆ కొత్త దారి ఎక్కడికి పోతుంది?”

“వీధిలోకి.”

“వీధి ఎక్కడికి పోతుంది?”

“చుట్టూ తిరిగి... ఈ గల్లీలోకే వస్తుంది. అక్కగారింటికి.”

“మరి కూర్చున్నావేం?”

“మజ్లిస్‌లో మగవాళ్ళున్నారు.”

“ఎవరెవరు?”

మాబున్నీసా చిన్న తలుపు సందులోంచి చూసి వచ్చి చెప్పింది: జాసిమ్ కాక ఏడుగురు. ఉమ్ జాసిమ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇద్దరు సొంత మేనల్లుళ్ళు. నలుగురు ఆమె పాలు తాగి పెరిగినవాళ్ళు. పాత వక్రాలో మగవాళ్ళు ముత్యాల కోసం సముద్రం మీదికి పోయిన రోజుల నుంచీ ఒక ఇంటి పసివాడికి ఇంకో ఇంటి తల్లి పాలివ్వడం మామూలే. అలా పాలిచ్చినామె ఆ బిడ్డకు తల్లే అవుతుంది, వాడు మీసాలు నెరిసినా ఆమె వాడి ఎదుటికి రావచ్చు. ఉమ్ జాసిమ్ ఉదారంగా పాలిచ్చిన మనిషి.

“ఏడోవాడు?”

“ఎవరో కొత్తాయన. సూట్‌కేసు పెట్టుకున్నాడు.”

“కళ్ళు మూసుకుంటాడు,” అని ఆమె ముఖానికి బత్తూలా ముసుగు సర్దుకుంది. “యల్లా, పద!”

ఆ రోజు మజ్లిస్‌లో ఏదో కొత్త మోడలు ల్యాండ్ క్రూజర్ గురించి గంభీరమైన చర్చ జరుగుతోంది. లోపలి తలుపు తెరుచుకుంది. వేణుగోపాలరావు గారు వెడల్పు చేయించిన ఆ తలుపులోంచి చక్రాల కుర్చీ ఎక్కడా రాసుకోకుండా వచ్చింది. ఏడుగురూ లేచి నిలబడ్డారు. పాలు తాగినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె తల ముద్దుపెట్టుకున్నారు. ఏడో ఆయన నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. జాసిమ్ చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. ఉమ్ జాసిమ్ నలుగురిలో పెద్దవాణ్ణి ఆపి, మీ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళావా అని అడిగింది. తీసుకెళ్ళలేదు. అందరి ముందూ నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త దారి మీదుగా జారిపోయింది. మాబున్నీసా చేయవలసిందల్లా కుర్చీ పట్టుకోవడం. ఎత్తడం లేదు, దించడం లేదు.

రోజూ అదే వేళకు అదే ఊరేగింపు. వెళ్ళేటప్పుడు ఒక విచారణ, వచ్చేటప్పుడు ఒకటి. ఎవడి పెళ్ళాం పుట్టింటికి ఎందుకు పోయింది, ఎవడు పొగ తాగుతున్నాడు, ఎవడు తమ్ముడితో మాట్లాడడం లేదు, అన్నీ ఆమెకు తెలుసు. అక్క దగ్గర కూర్చునేది ఊరికే కాదు. నెల తిరిగేసరికి ఆ మజ్లిస్‌లో ఏడుగురు కాస్తా ముగ్గురయ్యారు. ఆ ముగ్గురూ గడియారం చూస్తూ కూర్చునేవారు.

జాసిమ్ తల్లితో చెప్పలేడు. విభాగానికి ఉత్తరం రాశాడు: ర్యాంపు తీసేయండి, లోపలి తలుపు పూడ్చేయండి, గల్లీ వైపు సంగతి తర్వాత చూసుకుంటాం. అయిదేళ్ళ దాకా రెండో మంజూరు లేదు కాబట్టి ఈ ‘తర్వాత’ ఎంత పొడవో టేపు లేకుండానే కొలవవచ్చు.

వేణుగోపాలరావు గారు మళ్ళీ వచ్చారు. తోలు పెట్టె గుమ్మం బయట పెట్టి, ఫైలు తీసుకుని, మజ్లిస్‌లో మెత్తల మీద కూర్చున్నారు. మంత్రిత్వ శాఖ అధికారి అడిగాడు, కాదనడం ఎందుకు? ‘కుటుంబం కోరిక మేరకు తొలగించవచ్చు’ అని సగం వాక్యం రాశారు. జాసిమ్‌కు ఫోను వచ్చి హాల్లోకి వెళ్ళాడు. లోపలి తలుపు దగ్గర మాబున్నీసా నిలబడి ఉంది.

“తీసెయ్యమని రాస్తాండారా సార్?”

ఆయన కలం నడిపిస్తూనే ఉన్నారు.

“రాయండి సార్, మీ ఇష్టం. కాకుంటే పగలగొట్టేదానికి కూలోళ్ళు వస్తారు. బంగారట్లాటి ర్యాంపును ఎందుకు పగలగొడతాండారని అడుగుతారు. తప్పు వాకిలికి కట్టినారంట అనుకుంటారు. కట్టమన్నాయన ఎవరు అంటారు. మీ ఆఫీసులో కూడా అడుగుతారేమో. నాకేం తెలుస్తాది సార్, పనిమనిషిని.”

కలం ఆగింది. ఫైల్లో ‘తొలగింపు’ అనే పేజీ ఒకటుంది. దాని మీద మొదటి గడి ‘తొలి అంచనాలో లోపం’. ఆ గడి ఆయనకు ఇప్పుడే కనిపించింది.

“తప్పు వాకిలని ఎవరన్నారు?” అన్నారు వేణుగోపాలరావు గారు స్వచ్ఛమైన తెలుగులో.

“ఎవురూ అనలే సార్! అవ్వ దినామూ దీంట్లోనే పోతాంది. మీరు ఇదంతా ముందే కనిపెట్టి కట్టించినారని నేను అనుకుంటాండా.”

తాను ఇదంతా ముందే కనిపెట్టిన సంగతి వేణుగోపాలరావు గారికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. సగం వాక్యాన్ని స్కేలు పెట్టి కొట్టేశారు. దాని కింద ఒక పేరా రాశారు: పేషెంటును కుటుంబ సామాజిక జీవనానికి కేంద్రస్థానంలో నిలిపే ఉద్దేశంతోనే ప్రధాన ద్వారం ఎంచుకోవడం జరిగిందనీ, ఫలితాలు ఆశించిన దానికన్నా మిన్నగా ఉన్నాయనీ, దీన్ని కదిలించడం వైద్యపరంగా హానికరమనీ. ఒక ముసలమ్మ సాయంత్రాలనూ ఒక పనిమనిషి కాంట్రాక్టునూ ఆ పూట కాపాడింది ఆయన జ్ఞానం కాదు, దయ అంతకన్నా కాదు. తప్పు ఒప్పుకునే గడిలో టిక్కు పెట్టలేని ఒక చేతి పిరికితనం. ఆ వృత్తికి ఆయన చేసిన ఏకైక సేవ అలా జరిగింది.

జాసిమ్ తిరిగొచ్చి ఆ పేరా చదివాడు. ‘వైద్యపరంగా హానికరం’ దగ్గర ఆగాడు. తల్లి ఆరోగ్యానికి హాని చేసిన కొడుకని వక్రాలో పేరు తెచ్చుకునే ధైర్యం ఆయనకు లేదు. నిట్టూర్చాడు. “అయితే మజ్లిస్ వేళే మార్చుకుంటాం. చీకటి పడ్డాక కూర్చుంటాం. ఆ అమ్మాయిని కూడా ఉండమనండి, అమ్మకు అలవాటైంది,” అన్నాడు, మాబున్నీసా అక్కడే నిలబడి ఉండగా.

మసీదులో నమాజు ముగిసింది. లోపలి నుంచి చక్రాల చప్పుడు వినిపించింది. జాసిమ్ లేచాడు. వేణుగోపాలరావు గారూ ఫైలు గుండెకు హత్తుకుని, గోడకు అంటుకుని నిలబడ్డారు. తాను పన్నెండు పేజీలు రాసిన మనిషిని ఆయన చూడడం అదే మొదలు. ముసుగులోంచి రెండు కళ్ళు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి కొలిచాయి. ఉమ్ జాసిమ్ ఏదో అడిగింది. మాబున్నీసా ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి కాస్త కష్టపడ్డారు.

కుర్చీ గుమ్మం దాటి ఆగిపోయింది.

“సార్, మీ పెట్టె ర్యాంపు మింద ఉండాది. అడ్డం తియ్యండి,” అంది మాబున్నీసా.

ఆయన వెళ్ళి తీశారు. కుర్చీ వాలు వెంట దిగింది, గోడ మలుపు తిరిగింది, అక్కగారింటి వైపు సాగిపోయింది.